ఆదివారం ఎవరిది?

ఈ మధ్య మా తరం వాళ్ళు నలుగురు కలిస్తే చాలు, మాట ఎక్కడ మొదలైనా చివరికి దూరదర్శన్ ఆదివారాల దగ్గరికి చేరుతోంది. రామాయణం వచ్చే వేళకి వీధులెలా ఖాళీ అయ్యేవో, యాంటెన్నా తిప్పడానికి డాబా మీదికి ఎవరు ఎక్కేవారో, శుక్రవారం చిత్రలహరి నుంచి ఆదివారం రాత్రి దాకా ఇల్లంతా ఎలా కళకళలాడేదో చెప్పుకుంటారు. వాళ్ళకన్నా నాలుగైదేళ్ళు చిన్నవాళ్ళుంటే కేబుల్ రోజుల్లోకి, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కుస్తీల్లోకి, ట్రంప్ కార్డుల్లోకి వెళ్తారు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాళ్ళమూ, కథలు రాసేవాళ్ళమూ, విమర్శ పేరుతో ప్రతిదాన్నీ విప్పి చూసేవాళ్ళమూ కూడా ఈ ఒక్క విషయం దగ్గరికొచ్చేసరికి మెత్తబడిపోతాం. "ఆ రోజులే వేరు" అనేస్తాం. దాంతో చర్చ అయిపోతుంది.

ఆ మెత్తదనం మీద నాకు చిన్నచూపు లేదు. నాలోనూ ఉంది. కానీ అది ఎలాంటి మాటో కాస్త ఆగి చూడాలనిపిస్తుంది. ఫలానా ఏడాది ఫలానా సీరియల్ చూశాం అనడం జ్ఞాపకం. ఆ రోజులు బాగుండేవి అనడం తీర్పు. జ్ఞాపకానికి సాక్ష్యం అక్కర్లేదేమో గానీ తీర్పుకి కావాలి. ఎవరికి బాగుండేవి, దేనివల్ల బాగుండేవి, అలా బాగుండడానికయిన ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అని అడిగితే, "అబ్బా, ఇందులో కూడా స్త్రీవాదం వెతుకుతావా?" అంటారు స్నేహితులు. వెతకనవసరం లేదు. ఆ ఆదివారాల్లో అది పక్కగదిలోనే, స్టవ్వు ముందు నిలబడి ఉంది.

నోస్టాల్జియా అనే మాటని 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి తయారుచేశాడు. ఇంటికి తిరిగి చేరడం, నొప్పి అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటల్ని కలిపి, ఇంటికి దూరమైన వాళ్ళకి వచ్చే ఒక జబ్బుకి ఆ పేరు పెట్టాడు. తర్వాత అది పరాయి రాజుల దగ్గర కొలువు చేసే స్విస్ సైనికుల జబ్బుగా పేరుపడింది. ఇక్కడే నాకో సందేహం. ఇల్లు ఎప్పటికీ తనదేనన్న ధీమా ఉన్నవాడికే ఈ జబ్బు ఈ రూపంలో వస్తుందేమో. మన ఆడపిల్లలకి చిన్నప్పటి ఇల్లు ముహూర్తం పెట్టి మరీ ఒకరోజున పుట్టిల్లు అయిపోతుంది. అక్కడికి వెళ్ళాలంటే పిలుపు కావాలి, పండగ కావాలి, పురుడు కావాలి. పుట్టింటి బెంగ అని మనకి వేరే బెంగ ఉంది. దాన్లో తీపి కొంచెం, లెక్కలు చాలా. ఎవరు పిలిచారు, ఎవరు పిలవలేదు, వదిన మొహం ఎలా పెట్టింది, చీర పెట్టారా లేదా. నాకైతే ఆ బెంగే ఎక్కువ నిజాయితీగా కనిపిస్తుంది. ఆదివారాల బెంగలో ఇలాంటి లెక్క ఒక్కటీ ఉండదు. నాలుగు రాళ్ళు సంపాదించుకుంటూ, సొంత అలమారాలూ సొంత పుస్తకాలూ ఏర్పరచుకున్న నాలాంటి వాళ్ళం అన్నదమ్ముల బెంగని అరువు తెచ్చుకున్నామేమో అనిపిస్తుంది.

లెక్క వేసి చూస్తాను. మా ఇల్లు గుడివాడలో. రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి 25న మొదలయ్యేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. మా వీధిలో టీవీ ఉన్న మూడిళ్ళలో మాదొకటి. బ్లాక్ అండ్ వైట్ పెట్టె, ముందు చెక్క తలుపులు. సీరియల్ హిందీలో వచ్చేది, మా ఇంట్లో హిందీ ఎవరికీ రాదు. రాకపోయినా కథ తెలుసు కనక, రాబోయేది నాన్న ముందే చెప్పేసేవారు. తొమ్మిదయ్యేసరికి ముందుగది నిండిపోయి జనం వసారాలోకి, వసారా నుంచి గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. అమ్మకి మాత్రం ఆదివారం వారంలోకల్లా పెద్ద పనిదినం. పిల్లలందరికీ తలంట్లు, ఇడ్లీలు, వారం బట్టలు, మధ్యాహ్నానికి కోడికూర, వచ్చినవాళ్ళలో పిల్లలకి మంచినీళ్ళు, పెద్దవాళ్ళకి కాఫీలు. టీవీ ముందుగదిలో, వంటిల్లు దాని వెనక, మధ్యలో గోడ. ఆ గోడ వెనక నుంచి అమ్మ ఏడాదిన్నర పాటు రామాయణం విన్నది. 78 భాగాలూ విన్నది. ఎవరైనా గ్లాసు పెట్టడానికి లోపలికొస్తే "ఎక్కడిదాకా వచ్చిందీ?" అని అడిగేది. "సీతమ్మని ఎత్తుకుపోయాడు పిన్నీ" అంటే "అయ్యో" అని, కాఫీ వడపోసేది.

రామాయణం నాటికి నేను ప్రేక్షకురాలిని. 1988 అక్టోబరులో బి.ఆర్.చోప్రా మహాభారతం మొదలయ్యేసరికి గ్లాసులు అందించే మనిషినయ్యాను. ఎవరూ నన్ను కూర్చోబెట్టి చెప్పలేదు. "లేమ్మా, కాస్త అందించు" అన్న ఒక్క మాటతో బదిలీ అయిపోయింది. రెండేళ్ళు పెద్దవాడైన అన్నయ్యకి అలాంటి బదిలీ రాలేదు. ఇవాళ్టికీ ఆ ఆదివారాల గురించి మా ఇద్దరిలో బాగా చెప్పగలిగేది అతనే. ద్రౌపదీ వస్త్రాపహరణం అతనికి మొదటి నుంచి చివరిదాకా గుర్తు. నాకు దుశ్శాసనుడు లేవడం గుర్తుంది, ఆ తర్వాత పళ్ళెంలో గ్లాసులు ఒకదాన్నొకటి తగిలి మోగకుండా నడవడం గుర్తుంది. జ్ఞాపకశక్తి కూడా కూర్చున్నవాళ్ళకే పెరుగుతుందని అప్పుడు నాకు తెలియదు.

ఈ రెండు సీరియళ్ళూ ఇప్పుడు ఫోన్లో ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చు. అయినా బెంగ తీరదేం? మనకి కావలసింది ఆ సీరియల్ అయితే తీరాలి. తీరడం లేదంటే మనం పోగొట్టుకున్నది వేరే ఏదో ఉంది. అది, మనం తెర వైపు చూస్తున్నంతసేపూ మన వెనక ఒకరు మనకోసం పనిచేస్తూ ఉండడం. వేడిగా పళ్ళెంలోకి వచ్చిపడిన ఇడ్లీ, తుడిచి ఉన్న తల, ఉతికి ఉన్న చొక్కా, రేపటి గురించి ఎవరో ఆలోచిస్తున్నారన్న భరోసా. చిన్నపిల్లలకి అది హక్కే. ఎనిమిదేళ్ళ పిల్ల అమ్మని విసిగించి తినడంలో తప్పేమీ లేదు. కానీ నలభై ఆరేళ్ళ మనిషి "ఆ రోజులు మళ్ళీ రావు" అని నిట్టూర్చినప్పుడు, దాన్లో ఎంతభాగం సీరియల్ మీద ప్రేమ, ఎంతభాగం మళ్ళీ ఒకరిచేత చేయించుకోవాలన్న కోరిక అని విడదీసి చూసుకోవద్దా? ఈ ప్రశ్న నేను సభల్లో వేసినప్పుడు మగవాళ్ళు నవ్వుతారు. ఆడవాళ్ళు నవ్వరు, అలాగని ఒప్పుకోరు కూడా. వాళ్ళకీ అమ్మ చేతి ఇడ్లీ కావాలి. ఎందుకు వద్దనాలి?

2020 మార్చి 28న, లాక్‌డౌన్ పెట్టిన నాలుగోరోజున, దూరదర్శన్ రామాయణాన్ని మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దున తొమ్మిదికి ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి. మన చిన్నప్పటి ఆదివారం ప్రభుత్వమే తెచ్చిచ్చినట్టు అందరూ పొంగిపోయారు. పనిమనుషులు రావడానికి లేదు, పిల్లలకి బడి లేదు, మగవాళ్ళంతా ఇంట్లోనే. అంటే ప్రతిరోజూ ఆదివారమే. ఆ ఏప్రిల్ నెలలోనే జాతీయ మహిళా కమిషన్ తమకి వచ్చే గృహహింస ఫిర్యాదులు పెరుగుతున్నాయని చెప్పింది. రామాయణం వల్ల హింస పెరిగిందని నేననడం లేదు, అలా అంటే అది మూర్ఖత్వం. అందరూ కలిసి ఇంట్లో కూర్చుని టీవీ చూసే ఆ పాత బొమ్మని మనం ఎంత ఇష్టంగా గోడకి తగిలించుకున్నా, దాని చట్రం ఎక్కడ బిగుసుకుంటుందో కమిషన్‌కి వచ్చిన ఫిర్యాదులు చెప్పాయంటున్నాను.

ఇక కుస్తీలు. ఆదివారం రామాయణానికీ కుస్తీ పోటీలకీ మధ్య వంతెన కట్టింది దారాసింగ్. హనుమంతుడి వేషం వేసేనాటికి ఆయనకి 58 ఏళ్ళు. 1954లో రుస్తుం-ఇ-హింద్ బిరుదు గెలిచి, హంగేరీలో పుట్టిన కింగ్‌కాంగ్ లాంటి వస్తాదులతో తలపడి, 1968లో బొంబాయిలో అమెరికన్ ఛాంపియన్ లూ థెజ్‌ని ఓడించిన మనిషి. దేశంలో చాలా ఊళ్ళలో జనం టిక్కెట్లు కొని చూసిన ఆ పోటీలు ఒలింపిక్స్ తరహా కుస్తీలు కావు, ప్రదర్శన కుస్తీలు. గెలుపోటముల్లో కొంత ముందే మాట్లాడుకున్నవి. మనకి బలప్రదర్శన కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సర్కసులో చేసినవి మా తాతల తరం కథలుగా చెప్పుకునేది. కాకపోతే దారాసింగ్ రింగు దిగి తోక పెట్టుకుని మా ముందుగదిలోకి వచ్చాడు. జనం దణ్ణాలు పెట్టారు.

మాకు కేబుల్ వచ్చింది 1993లో. దాంతోపాటు డబ్ల్యూడబ్ల్యూఎఫ్. దానికి మా ఇంట్లో అసలైన ప్రేక్షకురాలు నాయనమ్మ. ముప్పయ్యేళ్ళకే తాతయ్య పోయాక, పేరంటానికి పిలుపు లేక, పెళ్ళిళ్ళలో వెనక వరసలో కూర్చుని, ఎవరైనా శుభానికి బయల్దేరుతుంటే ఎదురు రాకుండా పక్కకి తప్పుకునే మనిషి. గట్టిగా మాట్లాడగా నేను విన్నది కుస్తీల ముందే. అండర్‌టేకర్‌ని కాటికాపరి అనేది. హరిశ్చంద్రుడి తర్వాత ఆవిడకి నచ్చిన కాటికాపరి అతనే. యోకోజునా బకాసురుడు. బ్రెట్ హార్ట్ "ఆ గులాబీరంగు కుర్రాడు". ఎవడైనా రిఫరీ చూడకుండా వెనక నుంచి కుర్చీతో కొడితే పీట మీద నుంచి లేచిపోయేది. "వెనక్కి చూడరా, వెనక్కి! ఒరేయ్ నీ దుంపతెగ, ఆ పంచాయితీవాడికి కళ్ళు లేవంట్రా!" పంచాయితీవాడు అంటే రిఫరీ. చూసీ చూడనట్టుండే పంచాయితీలు ఆవిడ జీవితంలో చాలానే జరిగాయి. తాతయ్య పోయాక పొలం పంపకాల దగ్గర మరిది మాటే చెల్లింది. ఆ సంగతి ఆవిడ ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు. టీవీ ముందు ఎత్తేది.

ట్రంప్ కార్డుల గురించి ఒక మాట. పెదనాన్న పిల్లల దగ్గర ఒక కట్ట ఉండేది. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండలు, ఆడినవి, గెలిచినవి. ఆడవాళ్ళ కొలతల గురించే నలుగురూ మాట్లాడే లోకంలో, పదేళ్ళ మగపిల్లలు గంటల తరబడి మగవాళ్ళ ఛాతీ కొలతలు అరుచుకునే ఏకైక చోటు అది. ఆ కట్టలో ఆడవాళ్ళెవరూ లేరు. నేను పెద్దమనిషినయ్యాక మగపిల్లలతో నేలమీద బోర్లాపడుకుని కార్డులు ఆడడం మాన్పించారు. నాయనమ్మ పక్కన కూర్చుని చూడడం మాత్రం ఎవరూ మాన్పించలేదు. ముసలమ్మ పక్కన కూర్చున్న పిల్ల ఏం చూస్తోందో ఎవరికి పట్టింది?

"అదంతా అబద్ధం నాయనమ్మా, ముందే అనుకుని కొట్టుకుంటారు" అని అన్నయ్య ప్రతివారం చెప్పేవాడు. ఒకసారి ఆవిడ అతని వైపు తిరగకుండానే, "అబద్ధమైతే మాత్రం? కింద పడ్డప్పుడు నడుం నొప్పెయ్యదంట్రా?" అంది.

రోలాఁ బార్త్ 1957లో వచ్చిన మిథాలజీస్ పుస్తకాన్ని కుస్తీ మీద వ్యాసంతోనే మొదలుపెట్టాడు. పోటీ నిజమా కాదా అన్నది ప్రేక్షకులకి పట్టదనీ, బాధ, ఓటమి, న్యాయం అనేవి కళ్ళకి కట్టేలా కనిపించడమే వాళ్ళకి కావాలనీ ఆయన వాదన. ఎం.ఏ.లో అది చదివినప్పుడు నాయనమ్మ సగం ముందే చెప్పేసిందనిపించింది. మిగతా సగం బార్త్ చెప్పలేదు. ఆయన బాధ అనే బొమ్మ గురించి మాట్లాడాడు. నాయనమ్మ నడుం గురించి మాట్లాడింది.

కుస్తీ వ్యాపారంలో కేఫేబ్ అని ఒక మాట ఉంది. పోటీ కల్పితమని ఎవరూ ఎప్పుడూ ఒప్పుకోకూడదు, రింగు బయట కూడా వేషంలోనే ఉండాలి, శత్రువులుగా కనిపించేవాళ్ళు ఒకే బండిలో తిరగకూడదు. 1987లో న్యూజెర్సీలో పోలీసులు ఒక కారు ఆపితే అందులో రింగులో బద్ధశత్రువులైన ఐరన్ షేక్, జిమ్ డగ్గన్ కలిసి వెళ్తున్నారు. దొరికిన మత్తుపదార్థాల కన్నా ఆ స్నేహమే పెద్ద నేరమన్నట్టు కథ పాకింది. తర్వాత 1989లో కంపెనీయే న్యూజెర్సీ సెనేట్ ముందు ఇది క్రీడ కాదు, వినోదం అని చెప్పుకుంది. క్రీడ అయితే ప్రభుత్వ నియంత్రణ ఉంటుంది, పన్ను ఉంటుంది. అంటే అబద్ధం ఒప్పుకోవడం కూడా లాభం లెక్కలోనే. ఇల్లు నడిచేది కూడా కొంత కేఫేబ్ మీదే కదా. "నాకు ఆకలి లేదు, మీరు తినండి", "నాకు టీవీ అంటే పెద్ద ఇష్టం లేదులే", "ఆయన కోపం పైకే". ఇంటిల్లిపాదికీ తెలుసు, ఎవరూ అనరు.

అయితే రింగులో ఆడవాళ్ళకి ఈ ఒప్పందం ఒకేలా లేదు. 1985 నవంబరులో వెండీ రిక్టర్ అనే ఛాంపియన్ ముసుగు వేసుకున్న ప్రత్యర్థితో న్యూయార్క్‌లో తలపడింది. ముసుగులో ఉన్నది తన పాత గురువు, అంతకుముందు తను ఓడించిన ఫాబ్యులస్ మూలా. రిక్టర్ ఓడిపోవాలన్నది ముందే తేలిపోయింది, కానీ ఆమెకి చెప్పలేదు. భుజం పైకి లేపినా రిఫరీ మూడు లెక్కపెట్టేశాడు. అందరికీ తెలిసిన అబద్ధంలో ఆమెకొక్కదానికే తెలియని అబద్ధం. మూలా తన దగ్గర శిక్షణ పొందిన అమ్మాయిల సంపాదనలో పెద్ద వాటా తీసుకునేదనీ, వాళ్ళని దోపిడీ చేసిందనీ ఆరోపణలు ఉన్నాయి. 2018లో ఆమె పేరు మీద పోటీ పెడతామని ప్రకటించిన కంపెనీ, అభిమానులూ స్పాన్సరూ అభ్యంతరం చెప్పాక కొద్దిరోజుల్లోనే ఆ పేరు తీసేసింది. 1995 చివర్లో ఆడవాళ్ళ టైటిల్‌ని మూలపడేసి 1998 దాకా తియ్యలేదు. తీశాక, ప్రత్యర్థి బట్టలు లాగేస్తే గెలిచినట్టు లెక్కవేసే పోటీలు కూడా పెట్టారు. వస్త్రాపహరణమే గెలుపు!

1999 అక్టోబరులో చైనా అనే వస్తాదు జెఫ్ జారెట్‌ని ఓడించి, అంతవరకు మగవాళ్ళే గెలిచిన ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలుచుకుంది. ఆ పోటీ పేరు గుడ్ హౌస్‌కీపింగ్. వంటింటి సామాన్లే ఆయుధాలు. ఆడదాని చోటు వంటిల్లే అనే పాత్ర జారెట్‌ది. హైదరాబాదు హాస్టల్లో మా అమ్మాయిలందరం ఈలలు వేస్తూ చూశాం. ఆ ఆనందాన్ని ఇవాళ విమర్శ పేరుతో వెనక్కి తీసుకోను. మరుసటి ఏడాది కరణం మల్లీశ్వరి సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు కూడా అవే ఈలలు. కానీ చైనా 46 ఏళ్ళకే, 2016లో చనిపోయింది. కంపెనీ గౌరవ జాబితాలోకి ఆమె పేరు 2019లో చేరింది, అదీ ఒక మగవాళ్ళ బృందంలో ఒకరిగా. ఆమె కన్నా ముందుతరంలో, మొగుడు రాండీ సావేజ్ పక్కన మాట్లాడకుండా నిలబడే అందమైన మేనేజరు ఎలిజబెత్ ఉండేది. 1991 ఆగస్టులో వాళ్ళ పెళ్ళి టీవీలో ఘనంగా చూపించారు. అసలు పెళ్ళి అంతకు ఏడేళ్ళ ముందే అయింది. ఆ చూపించిన మరుసటి ఏడాదే విడాకులు. 2003లో 42 ఏళ్ళకి చనిపోయింది.

ఇదంతా అమెరికా సంగతి అనుకోడానికి లేదు. దారాసింగ్ రుస్తుం-ఇ-హింద్ అయిన 1954లోనే హమీదా బాను పేరు పత్రికల్లో మారుమోగింది. నన్ను ఓడించినవాణ్ణి పెళ్ళి చేసుకుంటానని సవాలు విసిరి, బరోడాలో బాబా పహిల్వాన్‌ని 1 నిమిషం 34 సెకన్లలో పడగొట్టింది. మగ వస్తాదులు కొందరు ఆడదానితో పట్టం అని తప్పుకున్నారు. మగవాణ్ణి ఓడించినందుకు జనం రాళ్ళు వేసిన సందర్భం కూడా ఉంది. బొంబాయి రాష్ట్రంలో పోటీలు ఆపేస్తే ఆమె మొరార్జీ దేశాయికి ఫిర్యాదు చేసింది. ఆడదని ఆపలేదు, నీ మీదికి డమ్మీలని దింపుతున్నారని ఫిర్యాదులొచ్చాయి అని జవాబు వచ్చింది. ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. దేశమంతా ముందే మాట్లాడుకున్న కుస్తీలు టిక్కెట్లు కొని చూస్తున్న రోజుల్లో, అబద్ధం అన్న మాట నేరమై చుట్టుకున్నది ఈమెకి. మగవాడు మగవాణ్ణి ఓడిస్తే వినోదం, ఆడది ఓడిస్తే మోసం అని కాక దీన్ని ఇంకెలా చదవాలి?

ఆమె యూరప్ వెళ్ళి కుస్తీలు పడతానంటే సహచరుడికి నచ్చలేదనీ, కర్రలతో కొట్టి చేతులు విరగ్గొట్టాడనీ ఆమె మనవడు బీబీసీకి చెప్పాడు. తర్వాత కల్యాణ్‌లో పాలు అమ్ముకుని, గదులు అద్దెకిచ్చుకుని బతికింది. 1986లో చనిపోయింది. మూడు నెలలో, ఏడాదో గడవగానే అదే 1954 నాటి రెండో వస్తాదు దేశంలో ప్రతి ముందుగదిలోకీ గద పట్టుకుని వచ్చాడు. 2024 మే 4న గూగుల్ తన పేజీ మీద హమీదా బాను బొమ్మ వేసేదాకా, కుస్తీల గురించి ఇంత మురిసిపోయే మా స్నేహితుల్లో ఎవరికీ ఆ పేరు తెలియదు.

ఆ కాలం పోయిందిలే అనుకునేవాళ్ళకి ఇంకో ఆదివారం గుర్తుచేస్తాను. 2023 మే 28. కుస్తీ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసి, అరెస్టు చెయ్యాలని జంతర్ మంతర్ దగ్గర కూర్చున్న ఒలింపిక్ పతక విజేత సాక్షి మలిక్‌నీ, ప్రపంచ పోటీల్లో పతకాలు తెచ్చిన వినేశ్ ఫోగాట్‌నీ పోలీసులు రోడ్డు మీద ఈడ్చుకెళ్ళారు. కొత్త పార్లమెంటు భవనం ప్రారంభం రోజు. అన్ని ఛానెళ్ళూ చూపించాయి. ఇళ్ళలో అందరూ టిఫిన్లు చేస్తూ చూసి ఉంటారు.

మరి ఏం చెయ్యాలి? చిన్నప్పటి ఇష్టాల మీద నీళ్ళు చల్లుకోవాలా అని నా విద్యార్థిని ఒకమ్మాయి అడిగింది. నేను అలా అనుకోను. మరచిపోవడం సులువు, దానివల్ల హమీదాకి గానీ అమ్మకి గానీ ఒరిగేది ఏమీ లేదు. నాకు ఇబ్బందిగా ఉండేది తెలుసుకోవడానికి ఇష్టపడని ఇష్టం. ఒక మనిషిని ప్రేమిస్తే ఆ మనిషి ఎక్కడ పుట్టింది, ఏం తిన్నది, ఎవరు కొట్టారు అని తెలుసుకోవాలనిపిస్తుంది. తెలుసుకున్నకొద్దీ ప్రేమ మారొచ్చు, బరువెక్కొచ్చు. "నాకవన్నీ చెప్పకు, నా ఆదివారం పాడైపోతుంది" అనేవాడు ప్రేమిస్తున్నది ఎవర్ని? నాయనమ్మకి కుస్తీ మీద ఉన్నది బెంగ కాదు. ఆవిడ దాన్ని తలుచుకుని నిట్టూర్చలేదు, అప్పటికప్పుడు వాడుకుంది. వారానికి ఒక గంట, పొలం పంచిన పంచాయితీవాణ్ణి నోరారా తిట్టుకుంది. ఆ గంటని ఆవిడ దగ్గర్నుంచి లాక్కునే సిద్ధాంతం ఏదైనా ఉంటే అది నాకక్కర్లేదు. అలాగే ఆ గంటని చూపించి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మంచిదని చెప్పే సిద్ధాంతమూ అక్కర్లేదు. ఈ రెంటినీ ఒక వాక్యంలో ఇమడ్చడానికి ప్రయత్నించి విసిగిపోయాను. ఇమడవు.

అమ్మకి ఇప్పుడు డెబ్భై దాటాయి. 2020 ఏప్రిల్‌లో నేను హైదరాబాదులో, తను గుడివాడలో. వంటకి మనిషి ఎవరూ లేరు, తనొక్కతే కనక పొద్దున వండిందే రాత్రికీ సరిపెట్టుకుని, తొమ్మిదింటికి కుర్చీ లాక్కుని కూర్చునేదట. 33 ఏళ్ళ తర్వాత రామాయణం కళ్ళతో చూసింది. రోజూ అది అయ్యాక ఫోన్ చేసేది. ఒక రాత్రి సంజీవని కొండ ఎత్తుకొచ్చే భాగం వచ్చింది.

"చూశావా అమ్మా, ఎలా ఉంది?" అన్నాను.

"ఏముందే, ఆ కొండ అట్టముక్కలా ఉంది. అప్పుడు లోపల్నుంచి ఆ చప్పుడు విని ఎంతో పెద్దదనుకున్నాను" అంది. కాసేపాగి, "ఆ హనుమంతుడు వేసినాయన ఉన్నాడా, పోయాడా?" అని అడిగింది. 2012లోనే పోయాడని చెప్పాను. "రేపు యుద్ధం పూర్తయిపోద్దేమో. తొమ్మిదికి చెయ్యకు నాకు ఫోను" అని పెట్టేసింది.